చేప సాక్ష్యం చెల్లాలంటే: వ్యర్థజలాల విషపరీక్ష చేసే ల్యాబును పరీక్షించే పద్ధతి

సోమవారం సాయంత్రం 4 గంటలకు మా కర్మాగారం ఈటీపీ (వ్యర్థజల శుద్ధి కేంద్రం) చివరి తొట్టి నుంచి నమూనా తీసి ల్యాబుకు పంపాం. గురువారం ఉదయం 11 గంటలకు రిపోర్టు చేతికి వచ్చింది. బయో అస్సే, అంటే బతికున్న చేపలతో చేసే విషపరీక్ష వరుసలో, 96 గంటల తర్వాత చేపలన్నీ బతికే ఉన్నాయని రాసి ఉంది. సంతకం, ముద్ర, పై మూలన గుర్తింపు చిహ్నం అన్నీ ఉన్నాయి. ఎందుకో వేళ్ల మీద లెక్కపెట్టాను. నమూనా తీసిన నిమిషం నుంచి చూసినా అప్పటికి గడిచింది 67 గంటలే. ఆ పరీక్ష జరగలేదు.

ఆ రోజు కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది. అంతకు ముందు అదే ల్యాబు పంపిన రిపోర్టులన్నీ నేను చివరి అంకె మాత్రం చూసి ఫైలులో పెట్టినవే, కాలుష్య నియంత్రణ మండలికి పంపినవే. ఆ నీరు వాగులో కలిసింది. వాగు కింద పొలాలున్నాయి, పశువులు నీళ్లు తాగే మడుగులున్నాయి.

ఆ తర్వాత కొన్నేళ్లలో ల్యాబులను ఎలా పరీక్షించాలో ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. కర్మాగారాల పర్యావరణ విభాగాల్లో, ఉమ్మడి శుద్ధి కేంద్రాల్లో, మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాశాను. సమాచార హక్కు కింద తమ ఊరి వాగు రిపోర్టులు తెప్పించుకున్న గ్రామస్తులకు కూడా ఐదో, ఆరో అడుగులు నేరుగా పనికొస్తాయి.

ముందుగా: ఈ పరీక్ష ఏం అడుగుతుంది

పర్యావరణ పరిరక్షణ నిబంధనలు, 1986లోని ఆరో షెడ్యూలు వ్యర్థజలాలకు సాధారణ ప్రమాణాలు పెట్టింది. అందులో ఒకటి బయో అస్సే. శుద్ధి చేసిన నీటిలో మరే నీరూ కలపకుండా, నూటికి నూరు శాతం అదే నీటిలో చేపలను ఉంచితే, 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. చెరువులోకి, నదిలోకి వదిలినా, మురుగు కాలువలో కలిపినా, పొలానికి పారించినా, సముద్రంలోకి పంపినా ఇదే ప్రమాణం.

సీవోడీ, బీవోడీ (నీటిలోని మలినాలు ఎంత ఆక్సిజన్‌ను తినేస్తాయో చెప్పేవి), టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) వంటి పరీక్షలు ఒక్కొక్కటీ నీటి గురించి ఒక్కో ముక్క చెబుతాయి. మనం పేరు పెట్టి వెతికినదే వాటిలో కనిపిస్తుంది. చేప మాత్రం నీటిలో ఉన్నవాటన్నిటినీ ఒకేసారి ఎదుర్కొంటుంది. మన ప్రాంతానికి ఈ తేడా చాలా దగ్గరిది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మామూలు నెలవారీ రిపోర్టులో ఆ మందుకు ఒక గడి కూడా ఉండదు. అదే నీటిని 500 వంతుల్లో ఒక వంతుకు పలచన చేసినా తోకకప్పల ఎదుగుదల తగ్గిందని 2009లో మరో పరిశోధన చూపింది. పేరు తెలియని విషాన్ని పట్టుకునే అవకాశం బతికున్న ప్రాణితో చేసే పరీక్షకే ఉంది. అందుకే ఆ పరీక్ష చేసే ల్యాబు నిజాయతీ, నైపుణ్యం ఇంత ముఖ్యం.

మొదటి అడుగు: చిహ్నం కాదు, స్కోపు చూడండి

ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందని అనగానే చాలామంది ప్రశ్నలు ఆపేస్తారు. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి ఇచ్చే కితాబు కాదు. ఐఎస్‌వో 17025 ప్రమాణం ప్రకారం, ఫలానా పదార్థంలో ఫలానా పరీక్షను ఫలానా పద్ధతిలో చేయగలరని వరుసలవారీగా ఇచ్చే గుర్తింపు. ఆ వరుసల జాబితాను స్కోపు అంటారు. ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులో ల్యాబు పేరు కొడితే అది ఎవరికైనా కనిపిస్తుంది.

అందులో పీహెచ్, సీవోడీ, లోహాలు వంద వరుసలు ఉండవచ్చు. మీకు కావలసిన వరుస ఒక్కటే: వ్యర్థజలం, బయో అస్సే, ఐఎస్ 6582 (ఈ పరీక్షకు భారతీయ ప్రమాణం). అది లేకపోతే ఆ పరీక్ష వరకు ఆ ల్యాబుకు గుర్తింపు లేనట్టే. చాలా రిపోర్టుల్లో ఇలాంటి పరీక్ష పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ‘స్కోపులో లేదు’ అని రాస్తారు. ఆ నక్షత్రం కోసం ప్రత్యేకంగా వెతకండి.

ఐఎస్ 6582లోనూ ఏ భాగమో అడగాలి. 1971 నాటి పాత పద్ధతి ఒకటి, జీబ్రా చేపతో చేసే 2001 నాటి రెండో భాగం ఒకటి. మీ అనుమతి పత్రంలో ఏది రాసి ఉందో ల్యాబు అదే చేయాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం 12వ సెక్షను కింద ప్రభుత్వం గుర్తించిన ల్యాబుల జాబితా కూడా వేరుగా ఉంటుంది. మీ వ్యవహారం కోర్టు వరకు వెళ్లే అవకాశం ఉంటే అందులో ల్యాబు పేరు ఉందో లేదో, గడువు ఎప్పటివరకో చూసుకోండి.

రెండో అడుగు: ధర అడిగేటప్పుడే పట్టుకోండి

ఫోనులో రెండు ప్రశ్నలు చాలు. ఎంత నీరు పంపాలి? రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుంది?

స్థిర నీటిలో చేసే పరీక్షలో లీటరు నీటికి చేపల బరువు 1 గ్రాము మించకూడదన్నది అంతర్జాతీయ పద్ధతుల్లో స్థిరపడిన నియమం. ఒక్కో చేప 0.3 గ్రాములు అనుకుంటే పది చేపలకు 3 లీటర్లు. రెండు తొట్లు పెడితే 6 లీటర్లు. రోజూ నీరు మారిస్తే నాలుగు రోజులకు 24 లీటర్లు. అన్ని పరీక్షలకూ కలిపి ఒక లీటరు సీసా చాలని ల్యాబు చెప్పిందంటే, అందులో చేపను ఎక్కడ వేస్తారో అడగండి. రిపోర్టు మూడు రోజుల్లో ఇస్తామంటే మా కథ మీకు తెలిసే ఉంది. సీవోడీ ప్యాకేజీలో బయో అస్సే ఉచితమంటే నేనైతే అక్కడే ఫోను పెట్టేస్తాను. నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు ఒక మనిషి కాపలా కాయాల్సిన పరీక్ష ఉచితంగా జరగదు.

మూడో అడుగు: మన వైపు తప్పు లేకుండా చూసుకోవడం

ల్యాబును నిలదీసే ముందు నమూనా మన చేతిలో చెడిపోలేదని నిర్ధారించుకోవాలి. నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం సీసాలోనే ఉంది.

సీవోడీ నమూనాలో నిల్వ కోసం సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తాం. లోహాల నమూనాలో నత్రికామ్లం వేస్తాం. ఆ సీసాల్లోని నీరు పొరపాటున చేపల తొట్టిలోకి వెళితే చేపలు చచ్చేది ఆమ్లానికి, మన వ్యర్థజలానికి కాదు. బయో అస్సే నమూనాలో ఏమీ కలపకూడదు. దానికి విడిగా, పెద్ద అక్షరాలతో పేరు రాసిన డబ్బాలు పెట్టండి. డబ్బాను అంచు దాకా నింపి మూత బిగించండి. పైన గాలి మిగిలితే, టోలుయీన్ వంటి ఆవిరయ్యే ద్రావకాలు ఉన్న నీటిలో విషం దారిలోనే తగ్గిపోతుంది. మంచు పెట్టెలో 0 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచండి, కానీ గడ్డకట్టనివ్వకండి. నమూనా తీసిన 36 గంటల్లోపు మొదటి చేప ఆ నీటిలో పడాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పద్ధతులు చెబుతాయి. మనకూ అది మంచి కొలమానమే.

క్లోరిన్ విషయం మరీ ముఖ్యం. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో చివర క్లోరిన్ వేస్తారు. లీటరుకు మిల్లీగ్రాములో కొన్ని వందో వంతులు మిగిలినా చేపలకు ప్రమాదమే. నమూనా తీసిన చోటే కిట్‌తో కొలిచి డబ్బా మీద రాయండి. ల్యాబు వాళ్లు సోడియం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్‌ను తొలగించి పరీక్ష చేస్తే ఫలితం బాగానే వస్తుంది. కానీ వాగులోకి వెళ్లే నీటిలో ఆ థయోసల్ఫేట్ ఉండదు. అలా తొలగించారా, ఎవరు చెబితే చేశారు అన్నది రిపోర్టులో ఉండాలి.

నమూనా ఎవరు తీశారు, ఎన్ని గంటలకు తీశారు, ఎవరు తీసుకెళ్లారు, ల్యాబు గుమ్మంలో ఎన్ని గంటలకు ఎన్ని డిగ్రీల దగ్గర దింపారు అన్నవి ఒకే కాగితం మీద, చేతులు మారిన ప్రతిచోటా సంతకంతో ఉండాలి. మండలి అధికారులు జల చట్టం, 1974 కింద చట్టబద్ధమైన నమూనా తీసేటప్పుడు కూడా దాన్ని రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరుపక్షాల సంతకాలు తీసుకోవాలని 21వ సెక్షను చెబుతుంది. ఆ రెండో భాగాన్ని కూడా పరీక్షకు పంపమని అడగడం మీ హక్కు. మొహమాటంతో వదులుకోకండి.

నాలుగో అడుగు: వెళ్లి చేపలను చూడండి

ల్యాబు ఏసీ గదిలో కూర్చుని టీ తాగి తిరిగి రావడం సందర్శన కాదు. చేపల గదికి తీసుకెళ్లమనండి. ఆ గది చూపించడానికి వెనకాడితే మీకు సమాధానం దొరికినట్టే.

గదిలోకి వెళ్లగానే ముందు వాసన చూడండి. తర్వాత ఏ చేప అని అడగండి. జీబ్రా చేపలు ఉండాల్సిన చోట దోమల నివారణకు కుంటల్లో వదిలే గంబూసియాలు కనిపిస్తే అనుమానించాలి. అవి మురికి నీటిని బాగా తట్టుకునే రకం. కొర్రమీను పిల్లలను వాడే చోటైతే ఇక మాట్లాడాల్సిన పని లేదు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. ఆక్సిజన్ లేని నీటిలోనూ బతికే చేపను సాక్షిగా నిలబెడితే ఆ సాక్ష్యం ఎందుకూ పనికిరాదు.

చేపలు ఎక్కడి నుంచి వచ్చాయి? సొంతంగా పెంచుతున్నారా, అక్వేరియం దుకాణం నుంచి తెచ్చారా? చెన్నై కొళత్తూరు నుంచి ప్లాస్టిక్ సంచుల్లో ప్రయాణం చేసి నిన్న సాయంత్రం దిగిన చేప ఈ రోజు పరీక్షకు పనికిరాదు. దారిలో అలసిపోతుంది, చాలాసార్లు మందులు వేసిన నీటిలో వస్తుంది. కొత్తగా వచ్చిన చేపలను కొన్ని రోజులు ల్యాబు నీటికి అలవాటు చేయాలి. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 203వ పద్ధతి 1992లో పెట్టిన నియమం చాలా స్పష్టంగా ఉంటుంది. ఏడు రోజుల గమనింపులో 10 శాతం కన్నా ఎక్కువ చనిపోతే ఆ గుంపు మొత్తాన్ని పక్కన పెట్టాలి. 5 నుంచి 10 శాతం మధ్య చనిపోతే మరో ఏడు రోజులు ఆగాలి. 5 శాతం కన్నా తక్కువైతేనే వాడుకోవచ్చు. రోజూ ఎన్ని చనిపోయాయో రాసే పుస్తకం అడగండి. అలాంటి పుస్తకమే లేకపోతే ఆ చేపల ఆరోగ్యం గురించి ఆ ల్యాబుకే తెలియదు.

చేపలు పెరిగే నీరు ఎక్కడిది? కుళాయి నీరైతే క్లోరిన్ ఎలా తీస్తున్నారు? బోరు నీరైతే గట్టిదనం, ఫ్లోరైడ్ ఎంత? గోడకు ఉష్ణమాపకం ఉందా? కరెంటు పోతే గాలి పంపులకు ఇన్వర్టరు ఉందా? మే నెలలో మధ్యాహ్నం 2 గంటలకు ఆ గదిలో ఎన్ని డిగ్రీలు ఉంటుందో అక్కడ పనిచేసే అటెండరును అడగండి. అతనికి తెలిసినంత మేనేజరుకు తెలియదు. ఒకసారి అలాగే అడిగితే ఒక పెద్దాయన, ‘ఆదివారం ఎవరూ రారు సార్, సోమవారం వచ్చి రెండు రోజులవీ రాసుకుంటారు’ అని ఎంతో అమాయకంగా చెప్పారు. ఆ ఒక్క మాటతో మా ఒప్పందం ఆగిపోయింది.

ఐదో అడుగు: మంచి నీటిలో చేప, తెలిసిన విషంలో చేప

ల్యాబు నాణ్యత మొత్తం రెండు తొట్లలో కనిపిస్తుంది.

మొదటిది కంట్రోల్ తొట్టి. మన వ్యర్థజలం ఉండని మంచి నీటిలో అదే గుంపు చేపలను అదే సమయం ఉంచుతారు. అందులో 10 శాతం కన్నా ఎక్కువ చేపలు చనిపోతే పరీక్ష చెల్లదు, మళ్లీ చేయాలి. పది చేపలు వేస్తే ఒక్కటి చావవచ్చు, రెండు చావకూడదు. కంట్రోల్ ఫలితం రాయని రిపోర్టును నేను తిప్పి పంపుతాను. మన నీటిలో చేపలు చచ్చినప్పుడు అది మన నీటి వల్లా, ఆ చేపలు ముందే జబ్బుతో ఉండడం వల్లా అని తేల్చేది ఆ తొట్టే.

రెండోదాని గురించి మన దగ్గర అడిగేవారు చాలా తక్కువ. పొటాషియం డైక్రోమేటు, కాపర్ సల్ఫేటు, మామూలు సోడియం క్లోరైడు వంటి తెలిసిన విషాన్ని తెలిసిన మోతాదుల్లో కలిపి, ఏ మోతాదులో సగం చేపలు చనిపోతాయో ల్యాబు క్రమం తప్పకుండా కొలవాలి. ఆ మోతాదునే ఎల్‌సీ50 అంటారు. బంగారం దుకాణంలో తక్కెడను తెలిసిన రాళ్లతో సరిచూసినట్టు ఇది. చేపలను సొంతంగా పెంచే ల్యాబు నెలకోసారి, బయటినుంచి కొనే ల్యాబు ప్రతి గుంపుకూ ఈ పరీక్ష చేయాలి.

ఆ ఫలితాలను వరుసగా చుక్కలు పెట్టిన కంట్రోల్ చార్టు అడగండి. చివరి 20 పరీక్షల సగటు మధ్య గీతగా, దానికి రెండు ప్రామాణిక విచలనాల (ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) దూరంలో పైన ఒకటి, కింద ఒకటి హద్దు గీతలుగా ఉంటాయి. చార్టును ఇలా చదవండి.

ఇరవై చుక్కల్లో ఒకటి హద్దు దాటడం సహజం. దాటినప్పుడు ఏం చేశారో రాసి ఉంటే అది మంచి ల్యాబు. ఏళ్ల తరబడి ఒక్క చుక్కా దాటకపోతే, పైగా అన్నీ మధ్య గీతను అంటిపెట్టుకుని ఉంటే, ఆ అంకెలు చేపల నుంచి రాలేదేమోనని అనుమానించండి. ప్రాణులు అంత సమానంగా చావవు. చుక్కలన్నీ మెల్లగా ఒకే వైపు జరుగుతుంటే చేపల వంశమో, నీరో, రసాయనం సీసానో మారింది. ఎల్‌సీ50 పైకి పోతోందంటే ఆ చేపలు మొండిబారాయి. అప్పుడు మీ నీటిలో విషమున్నా అవి బతికి బయటపడతాయి.

ఒక మోసం ఇక్కడే దాగి ఉంటుంది. ఫలితాలు ఎంత చెల్లాచెదురుగా ఉంటే హద్దు గీతలు అంత దూరం జరుగుతాయి. కాబట్టి చేతకాని ల్యాబు చార్టులో కూడా అన్ని చుక్కలూ హద్దుల్లోనే కనిపిస్తాయి. చుక్కలు హద్దుల లోపల ఉన్నాయా అన్నదే కాకుండా, పై హద్దు కింది హద్దుకు ఎన్ని రెట్లు ఉందో చూడండి. రెండు మూడు ల్యాబుల చార్టులు పక్కపక్కన పెడితే ఎవరి చేయి స్థిరంగా ఉందో తెలిసిపోతుంది. డాఫ్నియా అనే చిన్న నీటి పురుగుతో పరీక్ష చేసే ల్యాబైతే పని ఇంకా తేలిక. ఐఎస్‌వో 6341 ప్రకారం పొటాషియం డైక్రోమేటులో 24 గంటలకు సగం పురుగుల కదలిక ఆగిపోయే మోతాదు లీటరుకు 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య రావాలి. ఆ పరిధిలో లేకపోతే ఆ రోజు చేసిన పరీక్ష ఫలితాన్ని నమ్మకూడదు.

ఆరో అడుగు: రిపోర్టు పక్కన పెట్టి బెంచ్ షీటు చదవండి

రిపోర్టు ఒక పేజీ. దాని వెనక చేతితో రాసిన బెంచ్ షీటు ఉండాలి. ప్రతి తొట్టికీ 0, 24, 48, 72, 96 గంటలకు ఎన్ని చేపలు బతికాయి, ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. దాని నకలు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోండి. నేను ఇప్పుడు ఏ రిపోర్టునూ అది లేకుండా తీసుకోను.

ముందు గడియారం చూడండి. పరీక్ష గురువారం మొదలైతే ఆదివారం ఒక కొలత ఉండాలి. ఆ ఆదివారం ఎవరు వచ్చారు? ల్యాబు గేటు పుస్తకంలో వారి పేరు ఉందా? ఇది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. గుర్తింపు తనిఖీలకు వచ్చేవారు కూడా ఇలాంటివే అడుగుతారు.

తర్వాత ఆక్సిజన్ వరుస. సముద్ర మట్టంలో 25 డిగ్రీల మంచి నీరు లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌నే పట్టగలదు. హైదరాబాదు 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి పీడనం తగ్గి అది 7.8 దగ్గర ఆగుతుంది. 27 డిగ్రీలైతే ఇంకాస్త తక్కువ. హైదరాబాదు ల్యాబు బెంచ్ షీటులో 27 డిగ్రీల దగ్గర 8.6 అని కనిపిస్తే, మీటరును సరిచూడలేదు, లేదా మీటరును నీటిలో ముంచనే లేదు. కింది వైపు కూడా హద్దు ఉంది. ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో 60 శాతం కన్నా తగ్గకూడదు, అంటే హైదరాబాదులో సుమారు 4.7. అంతకన్నా తగ్గితే చేప ఊపిరాడక చచ్చిందో విషానికి చచ్చిందో చెప్పలేం.

మా దగ్గరికి వచ్చిన ఒక షీటులో నాలుగు రోజులూ, అన్ని తొట్లలోనూ 6.8 అనే ఉంది. ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే వాలు. పది చేపలు ఊపిరి పీల్చే తొట్టిలో, సూక్ష్మజీవులు నిండిన వ్యర్థజలంలో ఆక్సిజన్ నాలుగు రోజులు కదలకుండా ఉండదు. నిజమైన షీటులో అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, కొట్టివేతలుంటాయి, ఒకచోట నీటి మరక ఉంటుంది. కొట్టివేత పక్కన పొట్టి సంతకం, తేదీ ఉంటే ఆ ల్యాబు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఆక్సిజన్ నిలబెట్టడానికి గాలి పంపు పెట్టారా? పెడితే ఎప్పటినుంచి, ఎంత వేగంతో? ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితేనే గాలి పెట్టాలని, అదీ నిమిషానికి 100 బుడగలు మించకూడదని అమెరికా పద్ధతి చెబుతుంది. మొదటి నిమిషం నుంచీ గాలి పంపు గట్టిగా తిప్పితే ఆవిరయ్యే ద్రావకాలన్నీ గదిలోకి పోతాయి. చేపలు బతుకుతాయి, మనం మోసపోతాం.

పీహెచ్ వరుస మీద ఇంకొంచెం సమయం పెట్టండి. మన ప్రాంతపు వ్యర్థజలాల్లో చేపలను చంపే అతి సామాన్యమైన విషం అమ్మోనియా. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది, చేపకు ఎక్కువ హాని చేసేది అయానీకరణం చెందని రూపం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఆ రూపం 0.6 శాతమే. పీహెచ్ 8కి చేరితే 5 శాతం. 9కి చేరితే 36 శాతం. నీటిలోకి గాలి పంపితే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ తనంతట తానే పెరుగుతుంది. మొదటి రోజు 7.6 ఉన్న నీరు మూడో రోజుకు 8.4 అయిందంటే, అమ్మోనియా పాళ్లు పెరగకుండానే దాని విషం ఆరు రెట్లకు చేరువగా పెరిగింది. ఇలాంటప్పుడు కొన్ని ల్యాబులు ‘సాయం’ చేద్దామని కొంచెం ఆమ్లం వేసి పీహెచ్‌ను 7కి దించుతాయి. చేపలు బతుకుతాయి, కానీ ఆ నీరు మన నీరు కాదు. పీహెచ్ పెరిగి చచ్చినా, ఆమ్లం వేస్తే బతికినా, రెండూ షీటులో కనిపించాలి. అమ్మోనియా విలువను అదే నమూనాలో కొలిచి పక్కనే రాయమని అడగండి. ఫలితం తేడా వచ్చినప్పుడు మొదట చూడాల్సిన అంకె అదే.

ఏడో అడుగు: పది చేపల లెక్క

నిజాయతీగా చేసిన పరీక్షలో కూడా అదృష్టం పాత్ర ఉంటుంది. ఎంతో తెలుసుకోవాలి. ఒక వ్యర్థజలం నిజంగా ఐదు చేపల్లో ఒకదాన్ని చంపే రకం అనుకుందాం. అది పరీక్షలో నెగ్గకూడదు. కానీ పది చేపలతోనే పరీక్షిస్తే అలాంటి నీరు వందలో దాదాపు 38 సార్లు గట్టెక్కుతుంది. ఇరవై చేపలతో చేస్తే 21 సార్లు. ముప్పైతో చేస్తే 12 సార్లు. ఇది ల్యాబు తప్పు కాదు, సంఖ్యల స్వభావం. అందుకే ఒక్క పరీక్షలో ‘పాస్’ అని వస్తే సంబరపడకండి. కనీసం ఇరవై చేపలు, రెండు తొట్లు అని ఒప్పందంలో రాయించండి. పలచన చేసిన వరుసలు కూడా పెట్టమనండి: 100, 50, 25, 12.5 శాతం. పలచన పెరిగేకొద్దీ చావులు తగ్గాలి. 50 శాతంలో కన్నా 25 శాతంలో ఎక్కువ చేపలు చనిపోతే, తొట్ల మీద చీటీలు తారుమారయ్యాయా, తొట్టి సరిగా కడగలేదా అని ల్యాబే మీకన్నా ముందు తనను తాను ప్రశ్నించుకోవాలి.

ఎనిమిదో అడుగు: పేరు చెప్పని నమూనా

తెలియని నమూనాలతో ల్యాబులను పరీక్షించే పద్ధతి కొత్తది కాదు. పీటీ (ప్రొఫిషియెన్సీ టెస్టింగ్) అని పిలిచే ఈ ఏర్పాటులో ల్యాబు పాల్గొందా, అందులో బయో అస్సే ఉందా అని విడిగా అడగండి. సీవోడీలో వచ్చిన మంచి మార్కులు చూపించి సరిపెట్టనివ్వకండి. అమెరికాలో విడుదల అనుమతులున్న పెద్ద సంస్థల తరఫున పనిచేసే ల్యాబులు ఏటా ఇలాంటి నమూనాలు పరీక్షించి ఫలితాలు పంపాలి.

మనం సొంతంగా చేయగలిగింది కూడా ఉంది. యాజమాన్యానికి ముందే రాతపూర్వకంగా చెప్పి, మండలికి పంపే రిపోర్టులతో కలవకుండా, ఏడాదికి ఒకటి రెండుసార్లు చేయండి. ఒకే నీటిని రెండు డబ్బాల్లో నింపి రెండు వేర్వేరు పేర్లతో పంపండి. ఫలితాలు దగ్గరగా రావాలి. లేదా ఒక డబ్బాలో ఉన్నదున్నట్టు, మరోదాంట్లో సగం మంచి నీరు కలిపి పంపండి. పలచన చేసినది ఎక్కువ విషంగా రాకూడదు. అనుమానం బలంగా ఉంటే మూడో డబ్బాలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన మంచి నీరు పంపండి. అది సముద్రపు నీటితో సమానం, మంచి నీటి చేప అందులో బతకదు. ‘చేపలన్నీ బతికాయి’ అని రిపోర్టు వస్తే ఇక ప్రశ్నే లేదు. మంచి ల్యాబు చేపను వేయకముందే నీటి విద్యుద్వాహకత కొలిచి, ‘సార్, ఈ డబ్బాలో ఏదో తేడాగా ఉంది, ఉప్పు చాలా ఎక్కువ’ అని ఫోను చేస్తుంది. ఆ ఫోను వస్తే చేపలను వేయవద్దని చెప్పి అక్కడితో ఆపేయండి. చేపా ప్రాణే. అవసరానికి మించి ఒక్కదాన్నీ చంపించకండి.

తొమ్మిదో అడుగు: ఆ తర్వాత

ఒక్క తప్పు దొరికిందని ల్యాబును వదిలేయనక్కర్లేదు. తప్పును రాతలో అడగండి, కారణం రాతలో రప్పించుకోండి. కంట్రోల్ తొట్టిలో మూడు చేపలు చచ్చాయని, పరీక్ష రద్దు చేసి మళ్లీ చేస్తామని చెప్పిన ల్యాబు నాకు నచ్చుతుంది. జరగని పరీక్షకు సంతకం పెట్టిన ల్యాబుకు మాత్రం రెండో అవకాశం ఇవ్వకండి, గుర్తింపు ఇచ్చిన సంస్థకు ఆధారాలతో ఫిర్యాదు పంపండి. పరీక్ష చేసే మనిషి మారినా, చేపలు తెచ్చే చోటు మారినా నాలుగో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు మేము నమూనాలు పంపే ల్యాబు చిన్నది. రెండు గదులు, ఇద్దరు అమ్మాయిలు, గోడ నిండా తొట్లు. మొన్న ఒక శనివారం రాత్రి 9 గంటలకు అందులో ఒకమ్మాయి ఫోను చేసింది. ‘సార్, 48 గంటల కొలత ఇప్పుడే తీశాను. ఇరవైలో ఏడు పోయాయి. కంట్రోల్‌లో ఒక్కటీ పోలేదు. పీహెచ్ 8.5, అమ్మోనియా ఎక్కువగా ఉంది. రిపోర్టు మంగళవారం ఇస్తాను గానీ, మీకు ముందే చెప్పాలనిపించింది’ అంది. నేను ప్లాంటుకు ఫోను చేసి, బయటికి వెళ్లే వాల్వు మూయించి, నీటిని తిరిగి గాలితొట్టిలోకి మళ్లించమన్నాను.